నూరో దండ

పదకొండూ ఇరవై అయింది. రెండు గంటలకల్లా దక్షిణపు కనుమలోకి మబ్బు దిగుతుందని, దిగాక ఇక్కణ్ణించి ఈగ కూడా బయటికి ఎగరలేదని హెలికాప్టర్ ఆపుతూనే ట్రాస్క్ చెప్పాడు. అంటే డిటెక్టివ్ సార్జంట్ బోయో వాగి చేతిలో మిగిలింది రెండు గంటల నలభై నిమిషాలు. ఆ కాస్త టైములో డెబ్భై ఎనిమిది రోజుల నాటి చావు గురించి కొత్త సంగతి ఒక్కటైనా దొరకాలి. దొరక్కపోతే రేపు పొద్దున పదింటికి, అనుమానపు చావుల విచారణ చూసే కరోనర్ ఫైలు మూసేస్తాడు.

ఆ ఫైలు బోయో వల సంచిలోనే ఉంది. మార్చి ఐదు, మంగళవారం. టోరికా ఎయిర్ కంపెనీ సింగిల్ ఇంజన్ విమానం బియ్యం బస్తాలూ మందుల పెట్టెలూ వేసుకుని ఈ కొండ ఊరు టిగామిన్‌కి వస్తూ వస్తూ, అరపూట నడక దూరంలో ఉన్న లోయలో పడింది. ఉన్నది పైలట్ ఒక్కడే. లూకస్ పోమట్, మానుస్ దీవి కుర్రాడు, ఇరవై తొమ్మిదేళ్ళు. ఐదు రోజులు వెతికి మానేశారు. మార్చి ఇరవై తొమ్మిది, గుడ్ ఫ్రైడే నాడు వేటగాళ్ళకి ముక్కలు కనబడ్డాయి. శవం సీట్లోనే ఉంది, బెల్టు పెట్టుకునే ఉంది. పైలట్ తన తప్పువల్ల మూసుకుపోయిన లోయలో దూరాడు, పడగానే ప్రాణం పోయింది. ఇదీ రిపోర్టు. కింద సంతకం కోలిన్ ట్రాస్క్, కంపెనీ భద్రతాధికారి. ఒకప్పుడు ఆస్ట్రేలియాలో పోలీసు. ఇప్పుడు బోయోను ఇక్కడికి మోసుకొచ్చిన పుణ్యాత్ముడు కూడా ఆయనే. పోలీసు శాఖకి విమానం లేదు, అద్దెకిచ్చే కంపెనీ ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

రిపోర్టు వెనక ఒక ఉత్తరం. లూకస్ చెల్లెలు న్యాలిన్ రాసింది. 'పీపాల్లో పెట్రోల్‌కి నీళ్ళు చేరుతున్నాయని మా అన్న ఆఫీసుకి మూడుసార్లు రాశాడు. ఆ కాగితాలు ఇప్పుడు లేవంటున్నారు. పైలట్లు తమలో పోయినవాళ్ళ పేర్లు గోడమీద చెక్కిస్తారు కదా, తప్పుచేసి పోయినవాడి పేరు చెక్కరట. మీకు అన్న ఉంటే నేనేం అడుగుతున్నానో తెలుస్తుంది.'

బోయోకి ముగ్గురు అన్నలు. ఆ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"ఇది నీ రాతేనా అన్నా?" అని అడిగింది, బల్లమీద నోటుపుస్తకం తిప్పుతూ.

ఎదురుగా వెసానీ నిలబడ్డాడు. టిగామిన్ రన్‌వేకి ఏజెంటు. రేకుల షెడ్డు, రేడియో, మనుషుల్నీ మూటల్నీ తూచే కాటా అతని రాజ్యం. నలభై దాటినవాడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకునే మనిషి.

"నాదే సార్జంటమ్మా."

"రోజుకి మూడుసార్లు కంపెనీకి రేడియోలో మబ్బూ వానా చెబుతావు. ఆరున్నరకి, పదికి, రెండింటికి. చెప్పింది చెప్పినట్టు ఇందులో రాస్తావు. అంతేనా?"

"పదకొండేళ్ళుగా."

"నీ పెళ్ళిరోజున?"

"రాశాను."

"మీ నాయన పోయిన రోజున?"

"మూడుసార్లూ రాశాను." ఆ మాట అంటున్నప్పుడు అతని ఛాతీ కొంచెం పొంగింది.

"మరి మార్చి పద్నాలుగు, గురువారం, పదింటిది ఏదీ?"

పొంగిన ఛాతీ దిగిపోయింది. వెసానీ పుస్తకంలోకి చూశాడు, తర్వాత తలుపులోంచి బయటికి చూశాడు. బోయో కూడా అటే చూసింది. బయట ట్రాస్క్ హెలికాప్టర్ పక్కకి పెట్రోల్ పీపా దొర్లిస్తున్నాడు.

"ఆ రోజు జ్వరం."

"ఆరున్నరకి రాశావు. రెండింటికి రాశావు. మధ్యలో వచ్చి మధ్యలో పోయిందా? చాలా క్రమశిక్షణ గల జ్వరమే."

"చలిజ్వరం అలాగే వస్తుందమ్మా."

"విమానం పడ్డ రోజు మూడుసార్లూ రాశావు. వెతికిన ఐదు రోజులూ రాశావు. శవం దొరికిన రోజూ రాశావు. ఏ గొడవా లేని గురువారం నాడు నీకేమొచ్చింది అన్నా?"

వెసానీ ఏడవబోయే మనిషి గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేశాడు. బోయో సంచిలోంచి వక్క తీసి కొరికింది, సున్నం అద్దుకుంది. ఈ కొండవాళ్ళకి కోస్తావాళ్ళు వక్క నమిలితే నవ్వు. వెసానీకి ఆ నవ్వు కూడా రాలేదు. భయపడ్డవాణ్ణి తొందరపెడితే రాయై కూర్చుంటాడని ఆమెకు తెలుసు. తొందరపెట్టకుండా ఉండే టైము మాత్రం ఆమె దగ్గర లేదు.

పదకొండూ నలభై. ఆమె బయటికి నడిచింది.

ట్రాస్క్ పీపా మూత తీసి, చేతిపంపు దించి, గరాటా మీద పసుపుపచ్చటి తోలుగుడ్డ పరిచాడు. రెండుసార్లు పంపు తిప్పి డబ్బాలోకి పట్టాడు. పెట్రోల్ గుడ్డలోంచి దిగిపోయింది. దిగనిది పైన గోళీల్లా అటూ ఇటూ పరుగెత్తింది. ట్రాస్క్ గుడ్డ ఎత్తి గడ్డిలోకి ఒక్క విదిలింపు విదిలించాడు.

"అవేమిటి, ట్రాస్క్ గారూ?"

"చెమట." ఏభై ఏళ్ళ మనిషి, ఎండకి కమిలిన మొహం, నవ్వితే ఒక పక్కకే నవ్వుతాడు. "రాత్రి చల్లదనానికి ఏ పీపాకైనా చెమట పడుతుంది. వడకట్టడం నా అలవాటు. మీరు వక్క నమిలినట్టు."

"లూకస్‌కి కూడా ఇలాంటి గుడ్డ ఇచ్చారా?"

"పైలట్ దగ్గర ఉండాల్సిన వస్తువులు పైలటే చూసుకోవాలి. అదీ రిపోర్టులో ఉంది. చదివారా, బొమ్మలు చూశారా?"

"మీ బొమ్మలు బాగున్నాయి. మీ భుజాన వేలాడే ఆ కెమెరా సంచి ఇంకా బాగుంది."

ఆమె మాట దారి తప్పించడానికి అన్నది, అంతే. సంచి పట్టీకి బూడిదరంగు గడ్డిగింజలతో గుచ్చిన దండ ఒకటి ముడివేసి ఉంది. ట్రాస్క్ దాన్ని మురిపెంగా తట్టాడు.

"ఎక్కడో బజారులో కొన్నాను. ఇరవై ఏళ్ళు ఈ కొండల్లో తిరిగినవాణ్ణి, కొంచెం కొండగాలి తగలాలిగా. మీకేం తెలుస్తుంది, మీరు సముద్రం ఒడ్డు మనిషి. పన్నెండు అవుతోంది సార్జంట్. చూసేది ఏమైనా ఉంటే చూసేయండి, నేను నింపుకుని సిద్ధంగా ఉంటాను. ఇక్కడ నింపకపోతే ఈ బండి కనుమ దాటదు."

"ముందు ఆ సీటు చూపించండి. మీరు కూడా పక్కనుంటే నేనేం దొంగిలించలేదని సాక్ష్యం ఉంటుంది."

లోయలోంచి పైకి మోసుకొచ్చిన ముక్కలన్నీ షెడ్డు వెనక పోగుపడి ఉన్నాయి. తలుపు ఒకటి, చక్రం ఒకటి, వంకర తిరిగిన రేకులు. పైలట్ సీటు ఒక్కటే దాదాపు చెక్కుచెదరకుండా ఉంది. బోయో మోకాళ్ళమీద కూర్చుని బెల్టు లాగింది. ఎడమవైపు పట్టీ కోసి ఉంది. తెగింది కాదు, కోసింది, మొద్దుబారిన కత్తితో నాలుగైదు సార్లు రాస్తే పడే గాటు. కోసిన రెండు కొసల్నీ కలిపి మళ్ళీ గట్టిగా ముడేశారు. కొక్కెం మాత్రం పెట్టినట్టే ఉంది.

"బెల్టు పెట్టుకునే ఉన్నాడని రాశారు."

"ఉన్నాడు. శవాన్ని తియ్యడానికి కోశారు."

"కోసినవాళ్ళు మళ్ళీ ఎందుకు ముడేశారు? ఖాళీ సీటుకి బెల్టెందుకు?"

"మోసుకురావడానికి కట్టుకుని ఉంటారు. కొండ ఎక్కడం మాటలా?"

జవాబు నూనె రాసుకున్నట్టు జారింది. పైగా నమ్మదగ్గ జవాబే. కరోనర్ నమ్ముతాడు. బోయోకి ఒళ్ళు మండింది, ఎక్కువగా తనమీదే.

"కొక్కెం నొక్కితే విడిపోయే బెల్టుని కత్తితో కోసిందెవరు? కొక్కెం సంగతి తెలియనివాళ్ళు. శవాన్ని తీసిన రోజు వేటగాళ్ళతో మీ కంపెనీ మనిషి కూడా ఉన్నాడు, ఆయనకి తెలుసుగా?"

"సార్జంట్," అన్నాడు ట్రాస్క్, ఈసారి నవ్వకుండా. "నేను పదిహేనేళ్ళు పోలీసుని. కేసు లేనిచోట కేసు వండటం నాకూ వచ్చు. మీకు చెల్లెలి ఏడుపు తప్ప ఏమీ లేదు. ఈ కొండలు ఇరవై ఏళ్ళలో నాకు తెలిసిన పదకొండు మంది పైలట్లని తిన్నాయి. అందరూ మంచి కుర్రాళ్ళే. అందరిదీ ఒకే తప్పు, ఇంకో అయిదు నిమిషాలు చూద్దామనుకున్నారు."

అతను సిగరెట్ వెలిగించుకోడానికి షెడ్డులోకి వెళ్ళాడు, పెట్రోల్‌కి దూరంగా. అంత జాగ్రత్త గల మనిషే. బోయో ఒంటరిగా హెలికాప్టర్ వైపు నడిచింది, పీపా దగ్గర ఒక్క క్షణం ఆగింది, తర్వాత రన్‌వే చివరికి సాగింది.

రన్‌వే చివర మూడు సరుగుడు చెట్లు వరసగా ఉన్నాయి. వాటి పక్కన రాళ్ళ మధ్య ఒక ప్రొపెల్లర్ నిలబెట్టారు. రెండు రెక్కలూ వెనక్కి వంగి ఉన్నాయి. కింద ఒక ముసలామె కూర్చుని ఉంది. మొహమంతా బూడిదరంగు మట్టి, మెడలో బూడిదరంగు దండలు, గడ్డం పైకెత్తి ఉంచాల్సినంత గుత్తి. ప్రొపెల్లర్ రెక్క మీద కూడా అలాంటి దండలే వేలాడుతున్నాయి.

బోయో, కొండవాళ్ళకీ కోస్తావాళ్ళకీ ఉమ్మడి భాష అయిన పిజిన్‌లో పలకరించింది. ఆమె తల ఊపింది కానీ పెదవి విప్పలేదు.

"మాట్లాడదమ్మా." వెసానీ వెనకాలే వచ్చాడు, ఆయాసపడుతూ. "కయేమా అవ్వ. దుఃఖంలో ఉంది. దండలు అయిపోయేదాకా మాట్లాడకూడదు."

"ఎవరి కోసం?"

అతను సరుగుడు చెట్ల వైపు చూశాడు. "మా రన్‌వేకి వస్తూ పోయిన పైలట్ ఒక్కొక్కడికీ ఒక్కో చెట్టు నాటుతాం. మొదటిది మా చిన్నప్పటిది. ఆయన ఉప్పు తెచ్చేవాడు. రెండోవాడు పాస్టర్లని తెచ్చేవాడు. మూడోవాడి పేరు మాకు తెలీదు, మొదటిసారి వస్తూనే పోయాడు. నాలుగోది లూకస్‌ది. ఏడుపు తీరాక నాటతాం."

"లూకస్ ఈమెకి ఏమవుతాడు?"

"ఏమీ కాడు. కూతురికి కాన్పు అడ్డం తిరిగితే మబ్బులోంచి దిగి తీసుకుపోయాడు, రెండేళ్ళ కిందట. తల్లీబిడ్డా బతికారు. ఆ పిల్లాడికీ అదే పేరు. అప్పట్నించి అవ్వ అతన్ని కొడుకనే అంటుంది."

బోయో వక్క నమలడం ఆపేసింది. కొడుకని ఏడ్చేది ఈ ప్రపంచంలో న్యాలిన్ ఇంటివాళ్ళు తప్ప ఎవరూ ఉండరని ఆమె అనుకుంది. రెండు నిమిషాలు ఆమె అవ్వ పక్కన కూర్చుంది, ఆ రెండు నిమిషాల ఖర్చుకి బాధపడనూ లేదు.

"ఈ దండల పద్ధతేమిటి అన్నా?"

"ప్రాణం పోయిన రోజు వంద వేసుకుంటారు. మర్నాటి నుంచి తెల్లవారగానే ఒకటి తీసి చనిపోయినవాడి గుర్తుమీద వేస్తారు. వందా అయితే ఏడుపు తీరినట్టు. మధ్యలో మాట పెగిలిందా, తీసినవన్నీ మళ్ళీ మెడలో వేసుకుని మొదట్నించి మొదలెట్టాలి." చెబుతూ చెబుతూ అతని గొంతు సన్నబడింది. ఏం చెప్పేస్తున్నాడో సగంలో తట్టినట్టుంది.

అప్పటికే బోయో లెక్కపెడుతోంది. రెక్కమీద దండలు ఒక్కొక్కటే వేలితో జరుపుతూ ఒకసారి, మళ్ళీ ఇంకోసారి. రెండుసార్లూ అరవై తొమ్మిదే.

లూకస్ పడగానే పోయి ఉంటే డెబ్భై ఎనిమిది ఉండాలి. శవం దొరికాక తెలిసి ఏడుపు మొదలెట్టి ఉంటే యాభై నాలుగు ఉండాలి. అరవై తొమ్మిది రోజులు వెనక్కి లెక్కేసింది, వేళ్ళమీద, తర్వాత పుస్తకం మీద. ఇవాళ్టి మే ఇరవై రెండు నుంచి వెనక్కి వెళ్తే మార్చి పద్నాలుగు. గురువారం.

ఆ కుర్రాడు తొమ్మిది రోజులు బతికే ఉన్నాడు.

"నీ జ్వరం వచ్చిన రోజే," అంది నెమ్మదిగా.

వెసానీ నేల చూపులు చూశాడు.

"అవ్వ మెడలో ఎన్నున్నాయో లెక్కపెట్టవచ్చా?"

కయేమాయే గడ్డం ఎత్తి మెడ చూపింది. ముప్ఫై. అరవై తొమ్మిదీ ముప్ఫై, తొంభై తొమ్మిది.

"ఒకటి తక్కువుంది. తెగిపోయిందా?"

ముసలామె తల అడ్డంగా ఊపింది. వెసానీని చూసింది. ఆ చూపు కింద అతను ఒక్కొక్క మాటా పన్ను పీకినట్టు చెప్పాడు. "శవాన్ని తాకినవాడికి ఒకటి ఇస్తారు. దయ్యం అంటకుండా. ఏడుపు తీరేరోజు వాడే తెచ్చి ఇవ్వాలి. వీటిని అమ్మరు, కొనరు. బజారులో దొరికేవి కావు."

ఒంటి గంటా ఐదు. షెడ్డు దగ్గర్నించి ట్రాస్క్ చెయ్యి ఊపుతున్నాడు. దక్షిణాన కనుమ అంచుమీద తెల్లటి నురగ పేరుకుంటోంది.

బోయో పరుగెత్తలేదు. పరుగెత్తాలని కాళ్ళు పీకాయి, అయినా నడిచింది. వెనకాల వెసానీ, అతని వెనకాల మెడ నిటారుగా పెట్టుకుని కయేమా. బోయో రమ్మనలేదు. ముసలామె తనంతట తానే లేచింది.

"ఎక్కండి," అన్నాడు ట్రాస్క్. "నింపుకుని పోదాం."

"ఆ దండ ఏ బజారులో కొన్నారు?"

"ఏమిటీ?"

"ఊరి పేరు చెప్పండి. ఎవరూ అమ్మని వస్తువు మీకొక్కరికే అమ్మిన ఊరు. నేనూ ఒకటి కొనుక్కుంటాను."

ట్రాస్క్ చెయ్యి సంచిమీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే. కానీ అతని చెయ్యి కంటే ముందు కయేమా చెయ్యి అక్కడుంది. ఆమె దండ కొసని పైకెత్తి, తన మెడలోని ఒక దండ కొసని దాని పక్కన పెట్టింది. రెంటికీ ఒకటే ముడి. మూడు మెలికలు, మధ్యలో ఎర్ర నార.

"మార్చి పద్నాలుగున మీరిక్కడికి వచ్చారు," అంది బోయో. "కంపెనీ పుస్తకంలో ఆ ప్రయాణం లేదు. వెసానీ పుస్తకంలో పదింటి వాతావరణమూ లేదు, ఎందుకంటే అతను మీ పక్క సీట్లో కూర్చుని దారి చూపిస్తున్నాడు. లూకస్‌ని ఈ అవ్వే బెల్టు కోసి బయటికి తీసింది. మీరు వచ్చేటప్పటికి బతికున్నాడు. పీపాల్లో నీళ్ళ సంగతి తన నోటితో చెప్పగలిగినంత బతికున్నాడు."

ట్రాస్క్ ఆమెనే చూస్తూ ఉన్నాడు. ఒప్పుకోలేదు, కోపమూ తెచ్చుకోలేదు. పదిహేనేళ్ళ పోలీసు బుర్ర లోపల లెక్కలు వేస్తోంది.

"గడ్డిగింజలు," అన్నాడు చివరికి. "కోర్టులో ఏం చెబుతారు సార్జంట్? గడ్డిగింజలు లెక్కపెట్టానని చెబుతారా? నోరు విప్పని ముసలిది, జ్వరం వచ్చిన ఏజెంటు. సన్మానం చేసి పంపిస్తారు మిమ్మల్ని."

అతని మాట నిజమే. బోయోకి అది తెలుసు, అందుకే మరీ మండింది. ముప్ఫై రోజులు ఆగితే కయేమా నోరు విప్పుతుంది. కరోనర్ ముప్ఫై గంటలు కూడా ఆగడు. ఈలోగా ట్రాస్క్ ఏ దేశంలో ఉంటాడో ఎవరికి తెలుసు.

అప్పుడు కయేమా మాట్లాడింది.

గొంతు తుప్పుపట్టి ఉంది. రెండు మాటలు వచ్చి ఆగిపోయింది, మింగింది, మళ్ళీ మొదలెట్టింది. వెసానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బోయోకి ఆ భాష ఒక్క ముక్క తెలియదు. కానీ ఆ ముసలి మెడ ఏం పందెం కాసిందో మాత్రం అర్థమైంది. అరవై తొమ్మిది తెల్లవార్లు.

"ఏమంటోంది?"

వెసానీ ట్రాస్క్ వైపు చూశాడు.

"వెసానీ," అన్నాడు ట్రాస్క్ మెత్తగా. "వచ్చే వారం మందుల విమానం రావాలి కదా. ఎవరిదా విమానం? ఆ సంగతి గుర్తుంచుకుని చెప్పు. ఈ రన్‌వే మీద గడ్డి మొలిచాక మీ ఆడవాళ్ళు కాన్పులకి నడిచే పోవాలి."

వెసానీ రన్‌వే చివర చెట్ల వైపు చూశాడు. నాలుగో చెట్టుకి వదిలిన ఖాళీ జాగా ఇక్కడికి కూడా కనిపిస్తోంది. చొక్కా పై గుండీ విప్పుకున్నాడు, గాలి ఆడనట్టు.

"అవ్వ అంటోందీ, 'కాలు విరిగింది, అంతే. నా తోట గుడిసెలో పడుకోబెట్టాను. చిలగడదుంప తిన్నాడు. నవ్వాడు కూడా. ఈ పెద్దమనిషి వచ్చాడు, నన్ను నీళ్ళు తెమ్మన్నాడు. వాగు దగ్గరే. నేను నీళ్ళతో వచ్చేసరికి నా కొడుకు కళ్ళు తెరిచి ఉన్నాయి, ఊపిరి లేదు. నేను కప్పిన దుప్పటి ఆయన చేతిలో ఉంది.'"

కయేమా ఇంకో మాట అంది.

"'వాళ్ళమ్మ దీవికి తీసుకుపోతానన్నాడు. మోసేవాడికి దయ్యం అంటకూడదని దండ ఇచ్చాను.'" ఇక ఆమె మాటలు అయిపోయాయి, అయినా వెసానీ ఆగలేదు. "నేను వాగు ఒడ్డున హెలికాప్టర్ దగ్గరున్నాను సార్జంటమ్మా. ముందురోజు అవ్వ నడిచొచ్చి చెబితే కంపెనీకి రేడియో చేసింది నేనే. ఎవరికీ చెప్పకు, నేనే వచ్చి తీసుకుపోతానన్నాడు. మేము పోయింది మానుస్‌కి కాదు. కిందనే, విమానం దగ్గర దిగాం. మళ్ళీ అదే సీట్లో కూర్చోబెట్టాడు. ముడి నాచేతే వేయించాడు."

కయేమా అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. అతని చొక్కా గుండీ మళ్ళీ పెట్టింది. అది క్షమించడమో, ఇక నీతో పని లేదని చెప్పడమో బోయోకి తెలియలేదు.

ట్రాస్క్ వెనుదిరిగి పీపా దగ్గరికి నడిచాడు, పెద్ద పెద్ద అంగలతో. ఎవరూ అడ్డం పోలేదు. పంపు సరిచేశాడు, గరాటా పెట్టాడు, అటూ ఇటూ వెతికాడు. సీటు కింద వెతికాడు. గడ్డిలో వెతికాడు.

"తోలుగుడ్డ ఏదీ?"

"ఎందుకూ?" బోయో వల సంచిలో చెయ్యి పెట్టి పసుపుపచ్చటి గుడ్డ అంచు చూపించింది. "'పీపాల్లో ఇంధనం పరిశుభ్రం, నీటిజాడ లేదు.' పన్నెండో పేజీ, మీ సంతకం. లూకస్ తన విమానానికి తాగించిన పెట్రోలే ఇది, ఇదే కంపెనీ పీపా. పోసుకుని బయల్దేరండి ట్రాస్క్ గారూ. నేను ఆపను. కనుమ ఇంకో పావుగంట తెరిచే ఉంటుంది."

ట్రాస్క్ పంపు పిడి పట్టుకున్నాడు. గుడ్డలేని గరాటా వైపు చూశాడు, కనుమ వైపు చూశాడు. చెయ్యి పిడిమీదే ఉంది. ఒక్క చుట్టు కూడా తిప్పలేదు.

పావుగంట అలాగే గడిచింది. కనుమలోకి మబ్బు దిగింది, తలుపు మూసినంత తేలిగ్గా. బోయో వెళ్ళి సంకెళ్ళు వేస్తే అతను చెయ్యి లాక్కోలేదు. షెడ్డులో వెసానీ రేడియో అందుకున్నాడు. టిగామిన్ నుంచి రెండింటి వాతావరణం, దక్షిణపు కనుమ మూసుకుంది, అన్నాడు. తర్వాత మార్చి పద్నాలుగున జరిగింది చెప్పి, ఈ మాట పోలీసులకి అందేదాకా ఎవరూ లైను వదలొద్దన్నాడు. రేపు మబ్బు విడిచేదాకా ఈ నలుగురూ ఇక్కడే, ఒకే రేకుల కప్పు కింద. ట్రాస్క్‌కి రాత్రంతా ఆలోచించుకునే టైముంది. అది తల్చుకుంటే బోయోకి నిద్ర పట్టేలా లేదు.

రన్‌వే చివర కయేమా ప్రొపెల్లర్ మీది దండలు ఒక్కొక్కటే తీసి మెడలో వేసుకుంటోంది. యాభై దాటేసరికి భుజాలు వంగాయి. బోయో ఎదురుగా కూర్చుని అందిస్తోంది. అరవై తొమ్మిదోది కూడా అయింది.

ముసలామె చెయ్యి చాపింది. నూరోది కావాలి.

ట్రాస్క్ సంచి నుంచి విప్పిన ఆ దండ బోయో దగ్గర ప్లాస్టిక్ కవర్లో ఉంది, చీటీ అంటించి. కేసులో మొదటి సాక్ష్యం. దాన్ని చేతులు మారనివ్వకూడదని పోలీసు స్కూల్లో మొదటిరోజే నేర్పుతారు. బోయో ఆ చేతిని చూసింది. అది వణకడం లేదు, ఊరికే చాపి ఉంది, ఎంతసేపైనా చాపి ఉండేలా.

ఆమె కవరు చింపింది. దండని కయేమా మెడలో వేసి, జుట్టు దాని కింద నుంచి తప్పించింది. తర్వాత పుస్తకం తీసి ఒకటో నంబరు సాక్ష్యం ఎదురుగా, ఎక్కడ భద్రపరిచిందీ రాయాల్సిన గడిలో, 'కయేమా మెడలో, వంద రోజులు' అని రాసి సంతకం పెట్టింది.